అరవై వేలు కట్టమంటున్న తొలి పుస్తకం

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. అనకాపల్లిలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. పత్రికల్లో వచ్చిన నా పదిహేను కథలను సంపుటిగా తెస్తామని హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థ ఉత్తరం రాసింది. చివరికి ఎవరో ఒకరు నన్ను గుర్తించారని ఎంతో సంతోషించాను. అయితే ఖర్చులో నా వాటాగా అరవై వేలు కట్టాలట. పది రోజుల్లో సంతకం చేసి పంపితే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి పుస్తకం తెస్తామంటున్నారు. డబ్బు అడిగారంటే అది మోసమేనని మావారు ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆయన ఇంతవరకు నా కథ ఒక్కటీ చదవలేదు. ఇటువంటి అవకాశం మళ్లీ రాదని మా తమ్ముడు తొందరపెడుతున్నాడు. అమ్మ పెట్టిన గాజులు బ్యాంకులో కుదువ పెడదామని ఆలోచిస్తున్నాను. మరొక దిగులు కూడా ఉంది. ఈ కథల్లో ఒకటి మా ఆడపడుచు విడాకుల మీద రాసినది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఒప్పంద పత్రం నకలు జతచేస్తున్నాను. నన్నేం చేయమంటారు?

జవాబు: మీ కథలను గుర్తించినది ఈ సంస్థ కాదు. మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా, ఒక్కొక్కప్పుడు ఎంతో కొంత పారితోషికం కూడా పంపి, వాటిని అచ్చువేసిన పత్రికా సంపాదకులు ఆ పని ఎప్పుడో చేశారు. ఇప్పుడు మీ చేతికి వచ్చినది ఒక బేరం. అది మంచి బేరం కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని తిరస్కరించినంత మాత్రాన మీ రచన స్థాయి తగ్గదు, అంగీకరించినంత మాత్రాన పెరగదు. ఈ రెంటినీ మీరు మనసులో విడదీసుకోగలిగితే ఒప్పంద పత్రాన్ని నెమ్మదిగా చదవగలుగుతారు. అందుకే దానిలోని లెక్కలతోనే మొదలుపెడుతున్నాను.

పుస్తకం నూట అరవై పేజీలని, వెల రెండు వందలని, అయిదు వందల ప్రతులు వేస్తామని, అందులో యాభై మీకు ఉచితంగా ఇస్తామని పత్రంలో ఉంది. రాయల్టీ, అంటే అమ్ముడైన ఒక్కో ప్రతికి రచయితకు ఇచ్చే వాటా, వెలపై పది శాతం. ఈ మాట వినడానికి బాగానే ఉంది, ప్రచురణ రంగంలో తరచు వినిపించే శాతమే. కాని ఆ కింది వాక్యంలో, మొదటి మూడు వందల ప్రతులు అమ్ముడుపోయిన తరువాతే రాయల్టీ మొదలవుతుందని రాశారు. మీకిచ్చిన యాభై పోగా మిగిలినవి నాలుగు వందల యాభై. వాటిలో రాయల్టీ వచ్చేది చివరి నూట యాభైకి మాత్రమే. ప్రతికి ఇరవై రూపాయల చొప్పున, పుస్తకాలన్నీ అమ్ముడుపోయినా మీకు చేరేది మూడు వేలు. కొత్త రచయిత కథల సంపుటి అయిదు వందల ప్రతులూ అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టవచ్చునని ఈ రంగంలో ఉన్నవారెవరైనా చెబుతారు. అంటే పుస్తకం ఎంత బాగా ఆడినా అరవై వేలలో యాభై ఏడు వేలు రాయల్టీగా మీకు తిరిగి రావు.

ఖర్చుల పట్టికలో 'ఐఎస్‌బీఎన్, కాపీరైట్ రిజిస్ట్రేషన్' పేరిట ఎనిమిది వేలు వేశారు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్యను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత కూడా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు. రచన పుట్టిన క్షణం నుంచే హక్కు రచయితది. నమోదు చేయించుకోవాలనుకున్నా సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము అయిదు వందల రూపాయలు. దరఖాస్తులు నింపి పంపే శ్రమకు వారు కొంత తీసుకుంటే అభ్యంతరం లేదు, కాని ఎనిమిది వేలు శ్రమకు తగిన కూలిగా నాకు తోచలేదు. ఈ ఒక్క పద్దు చూసి సంస్థ మోసకారిదని తేల్చడం కూడా సరికాదు. మిగిలిన పద్దులను కూడా ఇదే కంటితో చూడాలని మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది.

డబ్బు కంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఏడో షరతు. 'రచనపై సర్వహక్కులు, అన్ని రూపాలలో, అన్ని భాషలలో, శాశ్వతంగా ప్రచురణకర్తకు సంక్రమిస్తాయి' అని అందులో ఉంది. మీరు దీన్ని కేవలం పుస్తకం అచ్చువేసే అనుమతిగా చదివి ఉంటారు. నిజానికి ఆ వాక్యం కింద సంతకం చేస్తే రేపు మీ కథను ఎవరైనా కన్నడంలోకి అనువదిస్తామన్నా, ఆడియోగా చదివిస్తామన్నా, సినిమాకో వెబ్ సిరీస్‌కో తీసుకుంటామన్నా సంప్రదించవలసినది వారినే, మిమ్మల్ని కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి ఆ పత్రంలో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా భావించాలని పందొమ్మిదో సెక్షను చెబుతోంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించుకోకపోతే బదిలీ రద్దయినట్లేనని కూడా అదే సెక్షనులో ఉంది, కాకపోతే ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకుండా ఉండాలి. రచయితకు చట్టం ఇచ్చిన ఈ రక్షణ మీ పత్రంలోని 'శాశ్వతంగా', 'అన్ని రూపాలలో' అన్న మాటలతో చాలావరకు చేజారిపోతుంది. రచయితగా మీ పేరు ఉండాలనే హక్కు, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం బదిలీ తరువాత కూడా మీ దగ్గరే ఉంటాయి. అవి యాభై ఏడో సెక్షను ఇచ్చినవి.

కనుక వారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. తెలుగులో అచ్చు పుస్తకంగా, అయిదేళ్ల పాటు ప్రచురించే హక్కు మాత్రమే ఇస్తాననండి. ఈ-బుక్ కూడా వారే వేయదలిస్తే దాని రాయల్టీని విడిగా రాయమనండి. ఆడియో, అనువాదం, సినిమా హక్కులు మీ వద్దే ఉంచుకోండి. మీ తరువాతి రెండు పుస్తకాలు కూడా ముందుగా తమకే చూపాలన్న పదకొండో షరతును కొట్టివేయమనండి. రాయని పుస్తకానికి ఇప్పుడే కట్టుబడవలసిన అవసరం మీకు లేదు. రాయల్టీ మొదటి ప్రతి నుంచే లెక్కించాలని, ఏటా మార్చి ముగిశాక ఎన్ని ప్రతులు అచ్చయ్యాయో, ఎన్ని అమ్ముడుపోయాయో రాసి పంపాలని కోరండి. చివరి ప్రూఫులు మీరు చూసి సంతకం పెట్టిన తరువాతే అచ్చుకు వెళ్లాలని తప్పక రాయించుకోండి. యూనికోడ్‌లో పంపిన కథను పేజీలు కూర్చే డీటీపీ వారు 'అను' అనే అచ్చు ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు తారుమారు కావడం మామూలే, తెలుగు పంతులమ్మ పుస్తకంలో అచ్చుతప్పులు కనిపిస్తే మీ విద్యార్థులే ముందు పట్టుకుంటారు. మీ కథల్లో ఏదైనా పోటీలో బహుమతి పొందినదైతే ఆ పోటీ నిబంధనలను ఒకసారి తిరగవేయండి. ప్రచురణ హక్కులు నిర్వాహకులవేనని కొన్ని పోటీలలో రాస్తారు. మామూలుగా పత్రికకు పంపిన కథలకు, మీరు విడిగా ఏదీ రాసివ్వకపోతే, హక్కు మీదే.

పది రోజుల గడువు గురించి ఎక్కువగా బెంగపెట్టుకోకండి. విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా జరిగేదే, హైదరాబాదు పుస్తక ప్రదర్శన కూడా అంతే. మీ ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వడానికి ఒక నెల ఆగలేని ప్రచురణకర్త, పుస్తకం వచ్చాక మీ ఫోను ఎత్తుతాడని నాకు నమ్మకం లేదు.

ఇక ఇంట్లో సంగతి. డబ్బు విషయంలో మీ వారి అనుమానానికి ఆధారం ఉందని పై లెక్కలే చెబుతున్నాయి. అయితే డబ్బు అడిగే ప్రతివారూ మోసగాళ్లన్నది కూడా నిజం కాదు. తెలుగులో పేరున్న రచయితలు ఎందరో సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్నారు, ఇప్పటికీ వేసుకుంటున్నారు. అందులో చిన్నతనమేమీ లేదు. కాని సొంత డబ్బు పెట్టినప్పుడు పుస్తకాలు, హక్కులు, అమ్మకం రాబడి కూడా సొంతమే కావాలి. మీకు వచ్చిన పత్రంలో ఖర్చు మాత్రమే మీది. ఆయన చెప్పిన దానిలో నిజమెంతో చూడకుండా చెప్పిన తీరుకే మీరు నొచ్చుకున్నారని నాకనిపిస్తోంది, ఆ నొప్పి కూడా న్యాయమైనదే. పక్కనే కూర్చుని రాస్తున్న భార్య కథ ఒక్కటీ చదవని మనిషి ఆమె పుస్తకం గురించి ఒక్క మాటలో తీర్పు చెప్పడం సబబు కాదు. ఈ పత్రాన్ని, నేను రాసిన లెక్కలను ఆయన ముందు పెట్టి, 'డబ్బు విషయంలో మీరన్నది నిజమే, ఇప్పుడు కథలు చదివి చెప్పండి' అని అడగండి. చదవకపోతే ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన తేకండి. చదివించడానికి పోరాడితే ఆ పోరాటమే మిగులుతుంది, కథలు మరుగున పడతాయి. మీ తమ్ముడిది అక్క మీద ఉన్న అభిమానం. ఆయన మీద కోపగించుకోనక్కరలేదు, సలహా మాత్రం ఆయన దగ్గర తీసుకోకండి.

గాజులు కుదువ పెట్టవద్దు. బంగారం మీద తెచ్చిన అప్పుకు నెలనెలా వడ్డీ పెరుగుతుంది, పుస్తకం నుంచి వచ్చే సొమ్ము ఆ వడ్డీకే సరిపోదు. పుస్తకం తీసుకురావాలన్న కోరిక బలంగా ఉంటే, విజయవాడలో రెండు ప్రెస్సుల దగ్గర రెండు వందల ప్రతులకు ధర కనుక్కోండి. మీ జీతంలోంచి ఏడాది పాటు విడిగా దాచిన సొమ్ముతో ఆ పని చేయగలరేమో చూడండి. పుస్తక విక్రేతలు వెలలో మూడో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు పైగా కమీషను తీసుకుంటారు కనుక, వెల నిర్ణయించేటప్పుడు దాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఈలోగా రచయిత నుంచి డబ్బు తీసుకోని ప్రచురణకర్తలు ముగ్గురు నలుగురికి కథలు పంపండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, కొన్నిచోట్ల నుంచి అసలు రాదు, అయినా పంపడానికి అయ్యే ఖర్చేమీ లేదు.

ఆడపడుచు కథ విషయాన్ని మీరు ఉత్తరం చివర పెట్టారు కాని, ఒప్పందంతో దానికి నేరుగా సంబంధం ఉంది. రచన వల్ల ఎవరి పరువుకైనా నష్టం కలిగి వివాదం వస్తే ఆ ఖర్చు, బాధ్యత పూర్తిగా రచయితవేనని తొమ్మిదో షరతు చెబుతోంది. ఇది చాలా ఒప్పందాలలో ఉండేదే, వారు తీసివేయరు. మీ ఆడపడుచు కోర్టుకెక్కుతుందని నేను అనడం లేదు. ఆమె కోర్టుకెక్కకుండా పుట్టింటికి రావడం మానేస్తే ఏ షరతూ మిమ్మల్ని ఆదుకోలేదని మాత్రమే అంటున్నాను. మాసపత్రికలో వచ్చిన కథ నెల తిరిగేసరికి కనుమరుగయింది. పుస్తకం అలా కాదు, అది మీ ఇంటి అలమరలోనే ఉంటుంది, ఆవిష్కరణ సభకు బంధువులంతా వస్తారు, ముందుమాట రాసినవారు సరిగ్గా ఆ కథనే మెచ్చుకున్నా ఆశ్చర్యం లేదు. పేర్లు మార్చాను కదా అనుకోకండి. ఊరు, ఉద్యోగం, పిల్లల సంఖ్య, భర్త నోట వచ్చిన ఒకటి రెండు మాటలు చాలు, ఇంటివారు పోల్చుకోవడానికి.

అందువల్ల సంతకానికి ముందే ఆ కథను ఆమెకు మీరే ఇవ్వండి. మీ వారి చేత చెప్పించవద్దు, అప్పుడది అన్నాచెల్లెళ్ల తగవు అవుతుంది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి, రాసినది మీరేనని, ఆమెకు చెప్పకుండా రాసినందుకు బాధపడుతున్నానని, పుస్తకంలో ఉండాలో లేదో ఆమె ఇష్టమేనని చెప్పండి. చదవడానికి వారం రోజులు వ్యవధి ఇవ్వండి. కొన్ని వివరాలు మార్చమంటే మార్చండి. వద్దంటే వాదించకుండా తీసివేయండి, పద్నాలుగు కథలతో కూడా సంపుటి నిండుగానే ఉంటుంది. ప్రచురణకర్తకు రాసే ఉత్తరంలో కథల జాబితా ఇంకా ఖరారు కాలేదన్న ఒక వాక్యం ఇప్పుడే చేర్చండి, ఆమె జవాబు వచ్చేవరకు అది మీకు అవసరమవుతుంది.