పేదల్ని చూసుకోవడం సంఘం పనా, ప్రభుత్వం పనా?

"క్రైస్తవుడు సోషలిస్టు కావచ్చా? పేదల్ని ఆదుకోవడం సంఘం బాధ్యత కదా, మధ్యలో ప్రభుత్వం ఎందుకు?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు తర్వాత వస్తాను. రెండోది చూడగానే మాత్రం ఊరుకోలేకపోయాను. మా సంఘం, అంటే మా చర్చి, సహాయ నిధి కమిటీలో ఆరేళ్లు పనిచేశాను. "ప్రభుత్వం తప్పుకుంటే చాలు, సంఘమే అంతా చూసుకుంటుంది" అనేవాళ్లు అలాంటి కమిటీలో ఒక్క సాయంత్రం కూడా కూర్చుని ఉండరు. పందెం కావాలంటే కాస్తాను.

ఒక విధవరాలు నెలనెలా కొంత సాయం కావాలని అర్జీ పెట్టుకుంది. భర్త పోయి ఏడాది, ఇద్దరు చిన్నపిల్లలు. కమిటీలో ఐదుగురం. బల్లకు ఇటు ఐదు కుర్చీలు, అటు ఒకటి. ఆవిడ వచ్చి ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "కూర్చోమ్మా" అనాల్సింది నేనే, ఎందుకంటే తలుపుకు దగ్గరగా ఉన్నది నేను. కానీ రిజిస్టర్‌లో తేదీ వేస్తూ తల ఎత్తలేదు.

మొదటి ప్రశ్న: "ఆదివారాలు తప్పకుండా వస్తున్నావా అమ్మా?" రెండోది: "అన్నదమ్ములు ఎవరూ లేరా?" ఆ తర్వాత మా పెద్దల్లో ఒకాయన, "ఆ ఫోన్ కొత్తదిలా ఉందే" అన్నారు. మంచి మనిషే, ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అర్ధరాత్రి కూడా లేచి వెళ్లి ప్రార్థన చేసి వస్తారు. ఆవిడ ఫోన్‌ని గబుక్కున సంచిలో పెట్టేసుకుంది. "మా ఆయనదండీ" అంది.

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ఐదు నిమిషాల్లో మంజూరు చేశాం. మాకు మేమే మెచ్చుకున్నాం కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక పేరు పిలిచారు. ఆవిడ ముందుకొచ్చి పాస్టరు గారి చేతిలోంచి రెండు చేతులతో కవరు అందుకుంది. చప్పట్లు, ఫోటో. పిల్లలిద్దరూ రెండో వరసలో కూర్చుని చూస్తున్నారు. వచ్చే నెలా అంతే, ఆ పై నెలా అంతే.

కొన్నాళ్లకు ఆవిడకి ప్రభుత్వ పెన్షన్ వచ్చింది. తేలిగ్గా ఏం రాలేదు. ఒక ఆఫీసులో ఫైలు పోయిందన్నారు, ఇంకోచోట మరణ ధ్రువపత్రం చేతికిస్తే "ఈయన పోయినట్టు రుజువేదీ?" అని అడిగారట. కాబట్టి ప్రభుత్వాన్ని నేనేమీ నెత్తిన పెట్టుకోవడం లేదు. పెన్షన్ మొదలైన నెల నుంచి ఆవిడ కవరు కోసం రావడం మానేసింది. కమిటీలో "కృతజ్ఞత లేదు చూశారా" అన్నారు. బయట కనబడితే నేనే అడిగాను, ఏమ్మా రావట్లేదని. "అక్కడ సంతకం పెడితే చాలండీ, ఎవరికీ దండం పెట్టక్కర్లేదు" అంది. ఆరేళ్లలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. ఈ చర్చ వస్తే సోషలిస్టు మిత్రులు బైబిల్లో తొలి సంఘం సంగతులు చెప్పే అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం తెరుస్తారు, "తమకు కలిగినదంతయు సమష్టిగా ఉంచుకొనిరి" అని. అవతలి వాళ్లు 5వ అధ్యాయం తెరుస్తారు. పొలం నీ దగ్గరున్నంతకాలం నీదే కదా, అమ్మాక ఆ డబ్బూ నీ వశంలోనే ఉంది కదా అని పేతురు, పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు నటించిన అననీయతో అంటాడు. అంటే సొంత ఆస్తి పాపం కాదు, అననీయ తప్పు అబద్ధం చెప్పడం. ఇద్దరూ సరిగ్గానే చదివారు. చిక్కేమిటంటే ఇద్దరూ అక్కడితో పుస్తకం మూసేస్తారు.

ఇంకొక్క పేజీ తిప్పితే 6వ అధ్యాయం. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్లను అనుదిన పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు, అంటే యేసు ఎంచుకున్న శిష్యులు, కళ్లెదుట ఉన్న కాలంలోనే! అంత ఆత్మపూర్ణుల మధ్యే కొందరు విధవరాళ్లు జాబితాలోంచి జారిపోయారు. మరి అపొస్తలులు ఏం చేశారు? "ఇంకొంచెం ప్రేమగా ఉండండి" అని చెప్పి ఊరుకోలేదు. పంపకం పని చూడటానికి ఏడుగురిని పెట్టారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నా లెక్కలో, ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే రిజిస్టర్ ఇచ్చారు. మా కమిటీలో ఆ ఆరేళ్లూ ఒక్క విధవరాలు కూడా సభ్యురాలు కాదు.

పాత నిబంధన ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరకూడదు, అది పేదలకూ పరదేశులకూ వదలాలి. ఇది యజమాని దయ కాదు, ధర్మశాస్త్రం. పరదేశి విధవరాలు రూతు, బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరుకోవడానికి కమిటీ ముందు నిలబడలేదు. ఏడేళ్లకోసారి అప్పుల విడుదల, యాభయ్యో ఏట అమ్ముకున్న భూమి మళ్లీ ఆ కుటుంబానికే చేరడం, ఇవన్నీ మనసు కరిగితే చేసేవి కావు, చేసి తీరాల్సినవి.

అన్నట్టు, మలాకీ 3వ అధ్యాయం మీద దశమభాగం (రాబడిలో పదోవంతు దేవుడికివ్వడం) ప్రసంగం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ద్వితీయోపదేశకాండం 14 చివర్లో, మూడో ఏటి దశమభాగం ఆలయ సేవ చేసే లేవీయులకూ పరదేశులకూ తండ్రిలేనివాళ్లకూ విధవరాళ్లకూ చెందాలని ఉంది. దాని మీద ప్రసంగం ఒక్కటీ వినలేదు. కొత్త స్పీకర్లు మాత్రం రెండుసార్లు కొన్నారు.

అలాగని బైబిల్ సోషలిస్టు పుస్తకమని చెప్పను. యాభయ్యో ఏట భూమి రాజు ఖజానాకు పోదు, ఎవరి కుటుంబానికి వాళ్లకే తిరిగి వెళ్తుంది. 1 సమూయేలు 8లో, రాజు కావాలని జనం పట్టుబడితే, అతను మీ కొడుకుల్ని తీసుకుంటాడు, మీ పొలాల్లో మంచివి తీసుకుంటాడు, మీ పంటలో పదోవంతు తీసుకుంటాడు అని ప్రవక్త సమూయేలు ముందే హెచ్చరించాడు. అన్నీ ఒకే చేతిలో పెట్టడానికి నేనూ వ్యతిరేకమే.

ఇంకో ముచ్చట. పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో "పని చేయనొల్లని" వాడు తినకూడదంటాడు. పేదలకు ఏ పథకం పెట్టినా మనవాళ్లు ఈ వచనమే విసురుతారు. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలో కూడా దాదాపు ఇదే మాట ఉంది: పనిచేయనివాడు తినడు. దేవుడే లేడన్న రాజ్యం పౌలు మాట ఎత్తుకుంది, కానీ ఎత్తుకునేటప్పుడు "ఒల్లని" జారవిడిచింది. చేయలేనివాడు వేరు, చేయనొల్లనివాడు వేరు. పౌలు అన్నది రెండోవాణ్ణి. మా కమిటీ కూడా ఆ విధవరాలిని రెండోరకమేమోనని అనుమానించే అన్ని ప్రశ్నలు అడిగింది, కాబట్టి సోవియట్ వాళ్లను చూసి నవ్వే అర్హత మాకు లేదు.

మీ మొదటి ప్రశ్నకు చరిత్ర రెండు రకాలుగానూ జవాబు చెప్పింది. మంచి కాథలిక్కుగానూ నిజమైన సోషలిస్టుగానూ ఒకేసారి ఉండటం కుదరదని 1931లో పోపు పదకొండవ పయస్ తేల్చేశారు. కానీ దానికి నలభై ఏళ్ల ముందు, 1891లో, పదమూడవ లియో సోషలిజాన్ని ఖండిస్తూనే కార్మికుడికి న్యాయమైన కూలి ఇవ్వాలనీ, కార్మిక సంఘం పెట్టుకునే హక్కు ఉందనీ, పేదవాణ్ణి కాపాడే బాధ్యత రాజ్యం మీద ఉందనీ రాశారు. 1834లో ఇంగ్లండ్‌లోని టాల్‌పడిల్ అనే ఊళ్లో కూలి తగ్గిస్తున్నారని కార్మిక సంఘం పెట్టుకున్న ఆరుగురు వ్యవసాయ కూలీలను ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. వాళ్ల నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు అనే ప్రొటెస్టెంట్ శాఖ బోధకుడు. ఆయన సోషలిస్టా కాదా అని నన్నడిగితే, ఆ పేరుతో నాకు పని లేదంటాను. పక్కవాడి కూలి గురించి అడిగాడు, అది చాలు.

పన్నులు దొంగతనమే అనే విశ్వాసులకు మాత్రం ఒక మాట. రోమా 13లో అధికారులకు లోబడమన్న మొదటి వచనం కంఠతా పట్టినవాళ్లు, అందుకే పన్నులు కూడా కడుతున్నారన్న ఆరో వచనం దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు వెతుక్కుంటారు.

నేను కమిటీ నుంచి దిగే ముందు రెండు ప్రతిపాదనలు పెట్టాను. కవరు వేదిక మీద ఇవ్వొద్దు, ఫోటో తీయొద్దు అని. గంటన్నర వాదించాక మొదటిదానికి ఒప్పుకున్నారు. కవరు ఇప్పుడు ఆఫీసు గదిలో ఇస్తున్నారు. ఫోటో అక్కడే తీస్తున్నారు.