ఎంజైమ్ అతికించిన ఎలక్ట్రోడ్ ఉంటే కరెంటు లేకుండానే హైడ్రోజన్ వస్తుందా?

రాదు, కరెంటు ఇవ్వాల్సిందే. అది వృథా కాకుండా చూడటం వరకే ఎంజైమ్ పని. కొన్ని బ్యాక్టీరియాల్లో ఉండే హైడ్రోజినేజ్ అనే ఎంజైమ్, ఎలక్ట్రోడ్ ఇచ్చే ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో కలిపి హైడ్రోజన్ చేస్తుంది. మామూలుగా ఇందుకు వాడే ప్లాటినం లోహం చేసే పనినే ఈ ఎంజైమ్‌లోని నికెల్, ఇనుము పరమాణువులు చేస్తాయి. కొన్ని రకాల్లో ఇనుము ఒక్కటే.

తిరుపతిలో ఏ కాలేజీ ల్యాబ్‌లోనో చేసి చూడాలంటే, గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌ను అల్యూమినా పొడితో రుద్ది కడిగి, ఎంజైమ్ ద్రావణం కొన్ని మైక్రోలీటర్లు చుక్కగా వేసి, పీహెచ్ 7 బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణంలో) ముంచాలి. అంతకుముందే బఫర్‌లోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేయాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఇనుము మాత్రమే ఉన్న రకానికి గాలి సోకిందంటే సాధారణంగా ఇక కోలుకోదు. ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో (వోల్టేజీ కొలతకు సున్నాగా తీసుకునేది) పోలిస్తే వోల్టేజీ −0.41 వోల్టు కంటే కిందికి దిగగానే కరెంటు పెరగాలి. పెరగలేదా? ఎంజైమ్ తిరగబడి అతుక్కుని ఉండొచ్చు. ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్లే చోటు ఎలక్ట్రోడ్‌కు దాదాపు 1.4 నానోమీటర్లకు మించి దూరమైతే అవి చేరలేవు. మే నెల ఎండలకు గది వేడెక్కితే పూత మరీ త్వరగా ఊడుతుంది.

ఎంజైమ్ వాడితే కొద్దిపాటి కరెంటుకే బోలెడు ఇంధనం వస్తుందన్నది అపోహ. కిలో హైడ్రోజన్‌లో ఉండే శక్తే సుమారు 39 యూనిట్లు. నీటి నుంచి తీయాలంటే కరెంటు, వేడి కలిపి కనీసం అంత పెట్టాలి, ఉత్ప్రేరకం (ఎంజైమ్, ప్లాటినం లాంటిది) ఏదైనా సరే.