కణచక్రం మీద ఇష్టం ఉంటే ల్యాబా, కోడింగా?

ప్రశ్న: బయోటెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. కణచక్రంలో (కణం పెరిగి రెండుగా విడిపోయే క్రమంలో) ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో ఎలా నిర్ణయమవుతుందన్న పాఠం బాగా నచ్చింది, అందులోనే రీసెర్చ్ చేయాలని ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం డేటా సైన్స్‌కు వెళ్లమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇంట్లో గొడవ పడాల్సిన పనిలేదు. మీకు నచ్చిన అంశంలో ఆ రెండూ కావాలి.

ఈస్ట్ సంగతే చూడండి. ఫ్లాస్కులో కోట్ల కణాలు, ఒక్కోటి ఒక్కో దశలో ఉంటుంది. జన్యువు పనిచేస్తే ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అన్నిటి ఆర్‌ఎన్‌ఏ కలిపి కొలిస్తే సగటే వస్తుంది, హెచ్చుతగ్గులు కనబడవు. అందుకని ఆల్ఫా ఫ్యాక్టర్‌ (ఈస్ట్ విభజనను ఆపే ఒక సంకేత పదార్థం) వేసి కణాలన్నిటినీ జీ1 దశలో, అంటే డీఎన్‌ఏ నకలుకు ముందు, ఆపుతారు, తర్వాత దాన్ని కడిగేసి ఒక్కసారిగా వదులుతారు. 1998 నాటి ఒక పేరున్న అధ్యయనంలో అలా వదిలాక 7 నిమిషాలకోసారి శాంపిల్ తీశారు. ఈస్ట్‌కున్న సుమారు 6,000 జన్యువుల్లో 800 దాకా కణచక్రంతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయని తేలింది. శాంపిల్ తీయడం చేతిపని, అన్ని వేల వరుసల్లోంచి ఆ 800ను ఏరడం గణితం.

మన కణాల్లోనైతే ఆర్‌బీ అనే ప్రోటీన్ ఈ2ఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను పట్టి ఉంచుతుంది. సైక్లిన్ డి, సీడీకే4/6 అనే ప్రోటీన్లు కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తే ఆ పట్టు సడలుతుంది, డీఎన్‌ఏ నకలుకు కావలసిన జన్యువుల్ని ఈ2ఎఫ్ పనిలోకి దింపుతుంది. సీడీకే4/6ను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌కు 2015లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది. ఈ చదువు దేనికి పనికొస్తుందని ఇంట్లో అడిగితే ఇది చెప్పండి.

ఇక డేటా వైపు. సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ (ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా కొలిచే పద్ధతి) గ్రాఫులో విడిగా ఒక గుంపు కనబడగానే కొత్తరకం కణాలు దొరికాయని సంబరపడేవాళ్లున్నారు. తీరా చూస్తే అవి విభజన మధ్యలో ఉన్న పాతరకం కణాలే కావచ్చు. ఆ గుంపులో విభజనప్పుడు చురుగ్గా ఉండే ఎంకేఐ67, టాప్2ఏ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉంటే వెంటనే అనుమానం రావాలి. ఉత్త కోడింగ్ వచ్చినవాళ్లకు ఆ అనుమానం రావడం కష్టం, మీకు వస్తుంది. మీ గిరాకీ అక్కడే.

ఈ ఏడాది ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. పైథాన్ తర్వాతైనా ఫర్వాలేదు (దీనిమీద నాతో పోట్లాడేవాళ్లు చాలామందే). జీఈఓ అనే ఆన్‌లైన్ జన్యు డేటా భాండారంలో ఉచితంగా దొరికే డేటా తీసుకుని, అచ్చయిన పేపర్‌లోని ఒక్క గ్రాఫును మీ అంతట మీరు గీయండి. సెలవుల్లో ఏదైనా ల్యాబులో చేరండి. శాంపిళ్లు తీసే రోజు గడియారాన్ని వదిలి కదలడానికి ఉండదు. అది మీకు సరదాగా ఉంటే పీహెచ్‌డీకి ప్రయోగాల ల్యాబు చూసుకోండి. చిరాకేస్తే టెన్షన్ పడొద్దు, ఇదే అంశం మీద బయోఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టండి.