బొమ్మ చూస్తే ‘కోపం’ అంటాడు, తనకొస్తే చెప్పడు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. బాబుకి నాలుగేళ్ళు, పాపకి ఏడాది. బాబు ప్రీస్కూల్ నుంచి రాగానే బూట్లు విసిరేస్తాడు, చెల్లిని గిల్లుతాడు. ‘ఏమైంది నాన్నా’ అంటే ‘ఏం లేదు’ అంటాడు. ముఖాల చార్ట్ కొని గోడకి అంటిస్తే అందులోవన్నీ తప్పు లేకుండా చెప్తాడు. తన సంగతి మాత్రం చెప్పడు. మా అత్తగారేమో ‘మగపిల్లాడు ఏడవడమేంటి’ అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: చార్ట్‌లో ముఖం చూసి పేరు చెప్పడం ఆవునీ ఏనుగునీ గుర్తుపట్టడం లాంటిదే. తన ఒంట్లో రేగుతున్నదేమిటో పసిగట్టడం వేరే విద్య. అది మీవాడికి ఇంకా పట్టుబడలేదు, ఈ వయసుకి అది మామూలే. చార్ట్ ఉంటే ఉండనివ్వండి, పరీక్షలు మాత్రం పెట్టకండి.

వ్యాన్ దిగాక మొదటి ఇరవై నిమిషాలు ఏమీ అడగొద్దు. మంచినీళ్ళు, ఓ అరటిపండో ఇడ్లీయో, కాసేపు మీ పక్కన చోటు. ఆకలీ అలసటా ఈ వయసులో అచ్చం కోపంలాగే బయటికొస్తాయి. చాలా ఇళ్ళలో సగం గొడవ ఇక్కడే తగ్గుతుంది.

తర్వాత వాణ్ణి గమనించండి. పిడికిళ్ళు బిగుస్తాయా? గొంతు సన్నగా, కీచుగా మారుతుందా? చెల్లి వైపు వెళ్ళే ముందు బొమ్మ నేలకేసి కొడతాడా? ఆ గుర్తు కనపడగానే, కేకలు మొదలవకముందే, ఒక్క చిన్న మాట: ‘బ్లాక్స్ పడిపోయాయి. కోపం వచ్చినట్టుంది.’ అని ఊరుకోండి, మనసులో పది లెక్కపెట్టండి. ‘కాదు’ అంటే ‘ఓహో, కాదా’ అనేయండి. ‘ఎందుకు’ అని మాత్రం అడగొద్దు. కారణం వాడికే తెలీదు, అందుకే ‘ఏం లేదు’ అంటున్నాడు.

ముందు కోపం, భయం, బాధ, సంతోషం అన్న పేర్లు చాలు. రెండు మూడు వారాల తర్వాత బెంగ, సిగ్గు, ఉక్రోషం కూడా వాడండి. ఎంత వచ్చిందో చేతులు చాపి చూపించమనండి, ‘ఇంతా? ఇంతేనా?’ అని.

కేకలు మొదలయ్యాక పాఠం వద్దు. గిల్లే చెయ్యి పట్టుకుని, ‘గిల్లనివ్వను. కోపమొచ్చింది, నాకు తెలుసు’ అని చెప్పి పక్కనే కూర్చోండి. పూర్తిగా చల్లబడ్డాక, అన్నం తినేటప్పుడో స్నానంలోనో, జరిగింది మూడు వాక్యాల్లో చెప్పండి. భావానికి పేరు పెడితే ఏమవుతుందంటారా? 2007లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్మన్ బృందం పెద్దవాళ్ళ మెదళ్ళు స్కాన్ చేసి చూస్తే, ముఖంలోని భావానికి పేరు ఎంచుకుంటున్నప్పుడు అమిగ్డాలా (భయం లాంటి భావాలకి స్పందించే మెదడు భాగం) స్పందన తగ్గింది. అయితే అది నిదానంగా పడుకుని ఉన్న పెద్దవాళ్ళ సంగతి. నాలుగేళ్ళవాడు పేరు చెప్పగానే ఏడుపు ఆపేస్తాడని ఎదురుచూస్తే మీకే విసుగొస్తుంది.

మీ సంగతీ వాడికి వినపడాలి. ‘రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని చిరాగ్గా వచ్చాను. నీ మీద కాదు. ఐదు నిమిషాలు కూర్చుంటా.’ ఇందులో ‘నీ మీద కాదు’ అన్నది మర్చిపోకండి.

కొన్నాళ్ళకి వాడు ‘భయంగా ఉంది, పళ్ళు తోముకోను’ అంటాడు చూడండి, ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే! భయాన్ని ఒప్పుకోండి, బ్రష్ మాత్రం చేయించండి. అలాగే ‘చెల్లంటే ఇష్టం లేదా’ అని నిలదీయకండి. ఒకే మనిషి మీద ఇష్టమూ ఉక్రోషమూ ఒకేసారి ఉంటాయన్నది ఈ వయసులో ఇంకా సరిగ్గా అర్థం కాదు.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు, ఆవిడకో పని అప్పజెప్పండి. రాత్రి కథలో కుందేలు ఆలస్యంగా సింహం ముందుకెళ్ళే చోట ఆగి, ‘దాని గుండె ఎలా కొట్టుకుందిరా కన్నా?’ అని అడగమనండి. ఆ ప్రశ్న మీకంటే ఆవిడ నోట బాగుంటుంది.

తనని తాను గాయపరచుకుంటున్నా, వచ్చిన మాటలు పోతున్నా, రోజూ ఏడుపు అరగంట దాటుతున్నా ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. అవసరమైతే బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు.