కోర్సుల మీద కోర్సులు సరే, మీ వాడు ఉద్యోగం వెతుకుతున్నాడా?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఎరువుల కొట్టు నడుపుతాను. మా అబ్బాయి 2024లో బీటెక్ ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) పూర్తి చేశాడు. 68 శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు. అప్పటి నుంచి హైదరాబాద్‌లో ఎస్‌ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ నేర్చుకున్నాడు, తర్వాత పైథాన్ చేశాడు. ఉద్యోగం మాత్రం రాలేదు. ఇప్పుడు ఏఐ, డేటా సైన్స్ కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు రూ.1.60 లక్షలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. ఈలోగా తెలిసినాయన ఒక కన్సల్టెన్సీ గురించి చెప్పాడు. రూ.3 లక్షలు ఇస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూపించి పెద్ద కంపెనీలో బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తారట. రూ.25 వేలు అడ్వాన్సు ఇచ్చాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మా బావమరిది కొడుకు అదే ఏడాది పాసై గచ్చిబౌలిలో చేస్తున్నాడు. ఈ రెండింట్లో ఏది మేలు? లేకపోతే వాడిని ఇంటికి పిలిపించేయమంటారా?
ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోర్సుల పేర్లున్నాయి, ఫీజులున్నాయి, బావమరిది కొడుకు కూడా ఉన్నాడు. మీ వాడు ఈ మధ్య ఏ కంపెనీకి అప్లై చేశాడు, ఎక్కడ టెస్ట్ రాశాడు, ఏ ఇంటర్వ్యూలో ఏం అడిగితే ఆగిపోయాడు అన్నది ఒక్క ముక్క లేదు. మీకు తెలియదు కాబట్టే రాయలేదనుకుంటున్నాను.

ఇలాంటి ఉత్తరాలు నాకు నెలనెలా వస్తాయి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది. పైకి అడిగేది ‘ఎంత కడితే ఉద్యోగం వస్తుంది’ అని. లోపల ఉన్న భయం వేరు: మా వాడు పనికిరాడేమో అని. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

మీ వాడు కాలేజీ నుంచి బయటికొచ్చిన సమయం బాగాలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 తగ్గింది. మూడూ కలిపితే 63 వేల పైచిలుకు. మన ఇంజినీరింగ్ కాలేజీల క్యాంపస్ సెలక్షన్లు ఏళ్ల తరబడి నడిచింది ఎక్కువగా ఇలాంటి కంపెనీల మీదే. సరిగ్గా మీ వాడు ఫైనలియర్‌లో ఉన్నప్పుడు అవి చేతులు ముడుచుకున్నాయి. ఇన్ఫోసిస్ అయితే 2022 బ్యాచ్‌లో ఆఫర్ లెటర్ ఇచ్చిన కొందరిని 2024 దాకా చేర్చుకోలేదు. ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లే రెండేళ్లు ఎదురుచూసిన కాలంలో, మామూలు మార్కులతో ట్రిపుల్‌ఈ చదివిన కుర్రాడికి ఉద్యోగం ఆలస్యం కావడంలో వింతేముంది? బావమరిది కొడుక్కి వచ్చింది కదా అంటారు. వచ్చింది, సంతోషం. ఆ అబ్బాయి ఏ బ్రాంచి, ఎవరు రిఫర్ చేశారు, మొదట ఏ పనిలో చేరాడు అని ఎప్పుడైనా అడిగారా? పెళ్లిళ్లలో జీతం ఎంతో అడిగి వచ్చేశారు, అంతేనా?

బ్యాక్‌లాగ్స్ లేకుండా నాలుగేళ్లు చదివి బయటికొచ్చాడంటే వాడిలో నిలకడ ఉంది. దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

ఇక ఏఐ కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచుకోను. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కంటే ఫ్లెక్సీలే ఎక్కువ కనిపిస్తాయి. నిన్న జావా చెప్పిన సంస్థే ఈరోజు అదే గదిలో జెనరేటివ్ ఏఐ చెబుతోంది. డేటా సైంటిస్టు ఉద్యోగానికి కంపెనీలు సాధారణంగా చూసేది ఎంటెక్, ఎంఎస్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లని, లేదంటే ఇప్పటికే డేటా మీద పనిచేస్తున్నవాళ్లని. ఆరు నెలల కోర్సు చేసిన ఫ్రెషర్‌ని నేరుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టడం అరుదు. ఫ్రెషర్ ఆ వైపు వెళ్లాలంటే డేటా అనలిస్టుగానో, కంపెనీ లెక్కలను రిపోర్టులుగా తయారుచేసే ఎంఐఎస్ పనిలోనో మొదలుపెట్టాలి. దానికి ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పవర్ బీఐ లాంటి డేటా టూల్స్ బాగా వస్తే చాలు. వీటికి లక్షా అరవై వేలు అక్కర్లేదు. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల్లో పైథాన్ ఉంది, డేటా సైన్స్ ఉంది. వినడానికి ఫీజు లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే కట్టాలి.

‘గ్యారంటీ’ అన్న మాటను కాగితం మీద చూపించమనండి. తీరా చూస్తే అందులో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంటుంది. అంటే ఇంటర్వ్యూలకు పంపిస్తాం అని. హాజరు ఇంత శాతం ఉండాలి, మేం పెట్టే ప్రతి టెస్టులో ఇన్ని మార్కులు రావాలి, మొదట వచ్చిన ఆఫర్ ఎంత జీతమైనా ఎక్కడైనా కాదనకూడదు, అలా అయితేనే ఫీజు వాపసు అని చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. ఇంకో సంగతి. ‘ఇప్పుడేమీ కట్టనక్కర్లేదు, నెలనెలా కట్టుకోండి’ అని ఆధార్, పాన్ తీసుకుని ఓటీపీ అడిగారంటే, చాలాసార్లు అది మీ పేరుమీదో మీ వాడి పేరుమీదో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇస్తున్న అప్పు. కోర్సు నచ్చక మధ్యలో మానేసినా ఈఎంఐ ఆగదు. నిజంగా చేర్పించాలనిపిస్తే, పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు ముగ్గురి నంబర్లు అడిగి మీరే ఫోన్ చేసి మాట్లాడండి. నంబర్లు ఇవ్వడానికి నసిగారంటే లేచి వచ్చేయండి.

అలాగని ఏఐ జోలికి వెళ్లొద్దని కాదు. ఏ ఉద్యోగానికి వెళ్లినా ఆ టూల్స్ వాడటం రావాలి, అది వాడితేనే వస్తుంది.

అసలు సంగతి చెబుతాను, మీ వాడు కూడా నొచ్చుకోకుండా వినాలి. ఇంటర్వ్యూలో కాదనిపించుకోవడం కష్టం. క్లాసులో కూర్చోవడం తేలిక. ‘కోర్సు నడుస్తోంది’ అని చెప్పినన్నాళ్లు ఎవరూ ఏమీ అనరు, మీరూ అనరు. ఏడాదిన్నరగా మీ వాడు ఆ మాట చాటున ఉన్నాడు, ఆ చాటుకి అద్దె మీరు కడుతున్నారు. మూడో కోర్సు కూడా కట్టిస్తే ఇంకో ఎనిమిది నెలలు దొరుకుతాయి. ఈలోపు 2024 బ్యాచ్ ఇంకా పాతబడుతుంది. కాలేజీ బయట కంపెనీలు పెట్టే ఆఫ్‌క్యాంపస్ డ్రైవ్‌లలో చాలావాటికి పాసైన సంవత్సరం పరిమితి ఉంటుందని మరిచిపోకండి.

బ్యాక్‌డోర్ గురించి ఎక్కువ మాట్లాడను. దొంగ అనుభవంతో చేరితే అబద్ధం ఒక్కరోజుతో అయిపోదు. ఉద్యోగంలో చేరేముందో చేరాకో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తారు. పీఎఫ్ ఖాతాకి ఉండే యూఏఎన్ నంబరు పెట్టి చూస్తే ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో వరుసగా కనిపిస్తుంది. కాగితాల మీద మాత్రమే ఉన్న కంపెనీ అక్కడ దొరికిపోతుంది. 2022 నవంబరులో యాక్సెంచర్ ఇలాంటి బోగస్ కంపెనీల ఎక్స్‌పీరియన్స్ లెటర్లతో చేరినవాళ్లను తీసేశామని బహిరంగంగానే చెప్పింది. ఒకవేళ దొరకలేదే అనుకుందాం. రెండేళ్ల అనుభవం ఉన్నవాడికిచ్చే పని మొదటి వారమే మీ వాడి ముందు పెడతారు. అప్పుడు ఎవరిని అడుగుతాడు? రాత్రిళ్లు ఇంకొకరికి డబ్బులిచ్చి ఆ పని చేయించుకుంటూ టెన్షన్‌తో బతికేవాళ్లను నేను చూశాను. కన్నతండ్రి మూడు లక్షలిచ్చి కొనిపెట్టాల్సిన జీవితమా ఇది? ఎరువుల కొట్లో కల్తీ బస్తా అమ్మమంటే మీరు అమ్ముతారా?

కోప్పడ్డాననుకోకండి. పనిలోకి వద్దాం.

మీ వాడి రెజ్యూమె ఒకసారి తెప్పించుకుని చూడండి. నా దగ్గరికి వచ్చే వందలాది రెజ్యూమెల్లాగే ఉంటుందని నా అంచనా: పైన ఫొటో, ‘చాలెంజింగ్ వాతావరణంలో పనిచేయాలన్నది నా లక్ష్యం’ అని నాలుగు లైన్లు, చివర తండ్రి పేరు, హాబీల్లో క్రికెట్, ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అని సంతకం. ఇవన్నీ తీసేయాలి. ఒక్క పేజీ చాలు. రెండు నిలువు వరుసలుగా విరగదీసిన రంగురంగుల డిజైన్లు వద్దు, కంపెనీల సాఫ్ట్‌వేర్ వాటిని సరిగ్గా చదవలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదైతే దాన్నీ తీసేయాలి. ఇంటర్వ్యూలో ‘ఇందులో నువ్వు రాసిన భాగం ఏది’ అని అడగ్గానే మొహం తెల్లబోతుంది. దాని బదులు సొంతంగా చిన్నదైనా ఒకటి చేసి పెట్టాలి. మీ కొట్లో స్టాకు, ఉద్దర ఖాతాలు రాసుకునే ప్రోగ్రాం చేయమనండి. ఖరీఫ్‌లో ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్లారు, పంట అమ్మాక ఎంత జమ చేశారు, ఎంత బాకీ ఉంది అన్నది ఫోన్లో చూపించగలిగితే, ఇంటర్వ్యూలో దాని గురించి పావుగంట తడబడకుండా మాట్లాడతాడు. ఎందుకంటే అది వాడు చిన్నప్పటి నుంచి చూసిన పని.

ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూడాలి. నవ్వొచ్చేంత చిన్న విషయంలా ఉంటుంది గానీ, రీచార్జ్ అయిపోయి మూలన పడిన పాత నంబరే రెజ్యూమెలో ఉన్నవాళ్లు బోలెడుమంది. తెలియని నంబరు కదా అని ఫోన్ ఎత్తనివాళ్లు ఇంకా ఎక్కువ. హెచ్‌ఆర్ వాళ్లు చేసేది తెలియని నంబరు నుంచే. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌకరీలో తన ప్రొఫైల్‌ను రోజూ పొద్దున్నే తెరిచి ఏదో ఒక చిన్న మార్పు చేసి సేవ్ చేయాలి. రిక్రూటర్లు వెతికేటప్పుడు ఈ మధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లను ముందు చూస్తారు.

అప్లికేషన్ల కంటే ఎక్కువ పనిచేసేది రిఫరల్, అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్ల సిఫార్సు. మీ వాడి కాలేజీ నుంచి రెండు మూడేళ్ల ముందు పాసైన సీనియర్లు ఎక్కడెక్కడ ఉన్నారో లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే కనిపిస్తుంది. ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా’ అని మెసేజ్ పెడితే ఎవరూ పట్టించుకోరు, వాళ్లకు రోజూ అలాంటివి పది వస్తాయి. ‘అన్నా, మీ కంపెనీలో టెస్టింగ్‌లో ఈ ఓపెనింగ్ ఉంది, జాబ్ ఐడీ ఇది, నాకు ఇవి వచ్చు, రెజ్యూమె పంపుతున్నాను, వీలైతే రిఫర్ చేస్తారా’ అని అడగాలి. అప్పుడు అవతలివాడికి రెండు నిమిషాల పని. చాలా కంపెనీలు రిఫర్ చేసినవాళ్లకు బోనస్ కూడా ఇస్తాయి, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఆ గచ్చిబౌలి బావ ఉన్నాడు చూశారా, పోల్చడం మానేసి మొదటి మెసేజ్ అతనికే పెట్టించండి.

ఒక నోటుబుక్ పెట్టుకోమనండి. ఏ తేదీన ఎక్కడికి పంపాడు, ఎంతవరకు వెళ్లాడు అని రాయాలి. నెల తిరిగేసరికి రోగం ఎక్కడుందో అదే చెబుతుంది. ఫోన్లే రాకపోతే రెజ్యూమె బాగోలేదు. ఫోన్లు వచ్చి టెస్టులో పోతుంటే ఆప్టిట్యూడ్, కోడింగ్ మీద కూర్చోవాలి. టెస్టులు దాటి ఇంటర్వ్యూల్లో పోతుంటే నోరు విప్పి మాట్లాడటం సాధన చేయాలి, అందుకు హాస్టల్ రూమ్మేటు, ఫోన్ రికార్డర్ చాలు. మీ వాడికి ఏ మందు కావాలో తెలియకుండానే ఇప్పటికి రెండు కోర్సులు మింగించారు.

ఇంకొకటి, నాకు మొదటి నుంచి కొరుకుడుపడనిది: ట్రిపుల్‌ఈ చదివినవాడు ఎలక్ట్రికల్ ఉద్యోగానికి ఒక్కటైనా అప్లై చేశాడా? ఏఐ అంటూ అందరూ పరిగెడుతున్నారు గానీ, ఆ ఏఐ నడిచేది డేటా సెంటర్లలో. అక్కడ రాత్రింబగళ్లు కరెంటు పోకుండా చూసేది ఎలక్ట్రికల్ వాళ్లు. యూపీఎస్‌లు, డీజిల్ జనరేటర్లు, హైటెన్షన్ ప్యానళ్లు, కూలింగ్ అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం మొదలుపెట్టింది, గూగుల్ 2025లో విశాఖకు భారీ డేటా సెంటర్ ప్రకటించింది. ఈ ఉద్యోగాలు చాలావరకు ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీల ద్వారా వస్తాయి, మొదట్లో జీతం తక్కువ, షిఫ్టులుంటాయి. హైదరాబాద్‌లో మేధా సర్వో, హెచ్‌బీఎల్, రుద్రారం దగ్గర తోషిబా, తిరుపతి వైపు అమరరాజా లాంటి కంపెనీల కెరీర్ పేజీలు వారానికోసారి చూడటం అలవాటు చేసుకోవాలి. కేంద్రం నడిపే అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఏడాది అప్రెంటిస్‌గా చేయొచ్చు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. అది పెద్ద మొత్తం కాదు, కానీ రెజ్యూమెలో గ్యాప్ పూడుతుంది, అదీ నిజమైన అనుభవంతో. రెండు రెజ్యూమెలు తయారు చేసుకుని, ఒకటి సాఫ్ట్‌వేర్ వైపు, ఒకటి ఎలక్ట్రికల్ వైపు తిప్పమనండి. సాఫ్ట్‌వేరే ఉద్యోగం, మిగతావి కాదు అన్న లెక్క వాడిదా మీదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

రోజూ రాత్రి ఫోన్ చేసి ‘ఏమైందిరా’ అని అడగడం మానేయండి. వాడు ‘ప్రాసెస్‌లో ఉంది నాన్నా’ అంటాడు, ఇద్దరికీ అది అబద్ధమని తెలుసు. ఆదివారం ఒక్కసారి ఆ నోటుబుక్ తెరిపించి ఈ వారం ఎన్ని పంపావు, ఎవరితో మాట్లాడావు అని అడగండి. వచ్చిందా రాలేదా అనడక్కండి, అది వాడి చేతిలో లేదు.

ఇంటికి పిలిపించాలా అన్నారు. ఇప్పుడే వద్దు. వాకిన్లు (నేరుగా వెళ్లి హాజరయ్యేవి), ఇంటర్వ్యూలు అక్కడే ఉంటాయి. నాలుగు నెలల హాస్టల్ ఖర్చు ముందే లెక్కేసి, కోర్సు ఫీజు ఉండదని స్పష్టంగా చెప్పి పంపండి. నాలుగు నెలల తర్వాత ఆ నోటుబుక్ నిండితే కొనసాగించండి. ఖాళీగా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కన్సల్టెన్సీ దగ్గరున్న ఒరిజినల్స్ మాత్రం ఈ వారమే తెచ్చుకోవాలి. ఫోన్లో అడగొద్దు, మీరూ వాడూ కలిసి వెళ్లండి. ‘వేరేచోట వెరిఫికేషన్‌కి కావాలి’ అని చెప్పి తీసుకోండి, అడ్వాన్సు ఊసు అప్పుడు ఎత్తకండి. కాగితాలు చేతికొచ్చాక ఆ రూ.25 వేల గురించి రాతపూర్వకంగా అడగండి. ఇస్తే ఇచ్చారు. కాగితాలే ఇవ్వం అని వాళ్లు మొండికేస్తే అక్కడి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. బావమరిదికి తెలిస్తే పరువు పోతుందని ఆగకండి.