పాత టీవీలో ఫోన్ ఫొటోలు చూడటానికి రెండు అప్పులు ఎందుకండీ?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు, కుదించి చెబుతాను. ఇంట్లో తొమ్మిదేళ్ల నాటి టీవీ ఉంది, స్మార్ట్ టీవీ కాదు గానీ బొమ్మ ఇప్పటికీ శుభ్రంగా వస్తోంది. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు, వీడియోలు అన్నీ ఫోన్‌లోనే ఉండిపోయాయి. అత్తగారికి చూపు తగ్గింది, ఫోన్ చేతికిస్తే మనవరాలి మొహం కూడా సరిగ్గా కనిపించడం లేదట. అందుకని పెద్ద స్మార్ట్ టీవీ కొనాలనుకుంటున్నారు. దాని ధర నెలన్నర జీతం, అందులో ఐదో వంతు డౌన్ పేమెంట్, మిగతాది 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఫోన్ ఈఎంఐ ఇంకా ఐదు నెలలు కట్టాలి. నెల ఖర్చు జీతంలో 80 శాతం. అత్యవసరానికి దాచింది ఒక్క నెల ఖర్చుకు సరిపోతుంది. ఇక ప్రశ్న: "దాచిన డబ్బు ముట్టుకోకుండా, మెసేజ్‌లో వచ్చిన ఇన్‌స్టంట్ లోన్ తీసుకుని డౌన్ పేమెంట్ కట్టేస్తే మంచిదే కదా? ఈఎంఐ 18 నెలలు మేలా, 24 నెలలు మేలా?"

అమ్మా, రెండూ వద్దు. 18 మేలా 24 మేలా అన్న ప్రశ్న దాకా మీరు రావాల్సిన అవసరమే లేదు. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచుగా వస్తుంటాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. అవసరం చిన్నది, దానికి కొనబోయే వస్తువు పెద్దది, ఆ వస్తువు కోసం ఒక అప్పు, ఆ అప్పు మొదలుపెట్టడానికి ఇంకో అప్పు. డౌన్ పేమెంట్‌కి కూడా అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ వస్తువు ఇప్పుడు మనకు అందేది కాదని అర్థం. డౌన్ పేమెంట్ అడిగేదే మన చేతిలో కొంతైనా డబ్బు ఉందో లేదో చూడటానికి.

ముందు ఆ ఇన్‌స్టంట్ లోన్ సంగతి. నెలకు 2 శాతం వడ్డీ, 5 శాతం ప్రాసెసింగ్ ఫీజు, ఆరు నెలల్లో తీర్చాలి అని రాశారు. 2 శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. వంద అప్పు తీసుకుంటే ఫీజు ముందే పట్టుకుని మీ చేతికి 95 ఇస్తారు. వడ్డీ మాత్రం ఆరు నెలలూ మొత్తం వంద మీదే వేస్తారు, నెలనెలా అసలు తగ్గుతున్నా సరే. అంటే 112 కట్టాలి, ఆరు వాయిదాల్లో, ఒక్కోటి 18.67. తగ్గే అసలు మీద లెక్కగడితే ఇది నెలకు 4.9 శాతం, ఏడాదికి దాదాపు 59 శాతం అవుతుంది. ఫొటోలు పెద్దగా చూడటానికి 59 శాతం వడ్డీ! ఇంత వడ్డీకి అప్పు తెచ్చి చేయాల్సిన పని ఏదీ నాకు తోచదు, టీవీ సంగతి సరేసరి. నో కాస్ట్ ఈఎంఐ విషయం ఒక్క మాట: మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో షాపులో అడగండి. ఆ తగ్గింపు వదులుకుంటున్నారంటే మీరు కట్టే వడ్డీ అదే.

ఇప్పుడు అసలు పని. టీవీ వెనక్కి వెళ్లి ఒకసారి చూడండి. తొమ్మిదేళ్ల నాటిదంటే హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మా శబ్దమూ ఒకే కేబుల్‌తో అందుకునేది) దాదాపు ఖాయంగా ఉంటుంది, ఆ ప్రమాణం 2002 చివర్లోనే వచ్చింది. పక్కనే యూఎస్‌బీ పోర్టు కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే మీ పని ఒక పెన్ డ్రైవ్‌తో అయిపోతుంది. ఒకవైపు టైప్-సి, రెండోవైపు మామూలు యూఎస్‌బీ ఉండే పెన్ డ్రైవ్‌లు దొరుకుతాయి, ఫోన్‌కి గుచ్చి ఫైల్స్ యాప్‌లోంచి ఫొటోలు కాపీ చేసి, తీసుకెళ్లి టీవీకి పెట్టడమే. ఇంటర్నెట్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు, అత్తగారే రిమోట్‌తో ఒక్కో ఫొటో ముందుకు జరుపుకుంటూ చూసుకోవచ్చు.

దీనిలో జనం విసుగెత్తి వదిలేసే చోట్లు కొన్ని ఉన్నాయి, "పాత టీవీలో ఏదీ రాదు, కొత్తది కొనాల్సిందే" అనే నిర్ణయం అక్కడే పుడుతుంది. 32 జీబీ పెన్ డ్రైవ్ తీసుకోండి. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతులు రెండు రకాలు: అంతకంటే పెద్దవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, చాలా పాత టీవీలు ఫ్యాట్32 అనే పాత పద్ధతిని మాత్రమే గుర్తుపడతాయి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి గంటల తరబడి తీసిన వీడియోని ముక్కలు చేయాలి. ఫొటోలు జేపీజీ అనే మామూలు ఫార్మాట్‌లో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఐఫోన్ అయితే 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలు హెచ్ఈఐసీ, వీడియోలు హెచ్ఈవీసీ అనే కొత్త ఫార్మాట్లలో దాచడం మొదలైంది, పాత టీవీ వాటిని తెరవలేదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' అని ఉంటుంది, అది ఎంచుకుంటే ఇకపై తీసే ఫొటోలు జేపీజీలో, వీడియోలు హెచ్.264 అనే పాత ఫార్మాట్‌లో వస్తాయి. ఇప్పటికే ఉన్నవాటిని కంప్యూటర్‌లోనో ఉచిత యాప్‌లోనో మార్చుకోవాలి. 4కే అనే ఎక్కువ స్పష్టతలో తీసిన వీడియోలు రాకపోతే 1080పీ స్పష్టతకి తగ్గించండి, మీ టీవీ చూపించగలిగేది ఎలాగూ అంతే. కొన్ని ఫొటోలు అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తే ఫోన్‌లోనే ఒకసారి తిప్పి సేవ్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇంకోటి, యూఎస్‌బీ పోర్టు పక్కన 'సర్వీస్' అని రాసి ఉంటే అది మెకానిక్‌ల కోసం పెట్టింది, ఫొటోలు రాకపోవచ్చు. అది చూసి టీవీ పాడైందని అనుకోకండి.

పెన్ డ్రైవ్‌తో పని జరగకపోతే హెచ్‌డీఎంఐకి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ ఉంది, అంటే ఫోన్‌లోవి వైఫై ద్వారా టీవీలో చూపించే చిన్న పరికరం. క్రోమ్‌కాస్ట్ 2013లో, ఫైర్ టీవీ స్టిక్ 2014లో వచ్చాయి, అంటే మీరు ఈ టీవీ కొనేనాటికే పాత టీవీని స్మార్ట్‌గా మార్చే దారి ఉంది. ఇంట్లో వైఫై ఉండాలి, ఫోనూ స్టిక్కూ ఒకే వైఫైలో ఉండాలి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా గోడ ప్లగ్గు నుంచి ఇవ్వండి, పాత టీవీల యూఎస్‌బీ ఇచ్చే అర ఆంపియర్ చాలక అది మాటిమాటికీ ఆగిపోతుంది. కేబుల్‌తో నేరుగా కలపాలనుకుంటే మీ ఫోన్ టైప్-సి పోర్టు వీడియోని బయటికి పంపుతుందో లేదో ముందే కనుక్కోండి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు, అడాప్టర్ కొన్నాక తెలిస్తే డబ్బు దండగ. హెచ్‌డీఎంఐ కూడా లేని మరీ పాత టీవీ అయితే, ఎరుపు-తెలుపు-పసుపు కేబుళ్లతో కలిపే, యూఎస్‌బీ ఉన్న డీవీడీ ప్లేయర్ ఏ మూలైనా పడి ఉందేమో వెతకండి, ఫొటోలు దాంట్లో కూడా వస్తాయి.

స్మార్ట్ టీవీ కొన్నా ఈ స్టిక్ మాట మళ్లీ వస్తుందండీ. టీవీ తెర పదేళ్లు పనిచేస్తుంది, లోపలి సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్లు చాలాసార్లు అంతకాలం రావు. అప్పుడు యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి, జనం కొత్త టీవీకే మళ్లీ ఒక స్టిక్ కొంటారు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం, మీ ఉత్తరంలో ఒకే వాక్యంలో రాసి వదిలేశారు: ఒక్క నెల ఖర్చు. ఇంట్లో సంపాదించేది ఒక్కరే, పెద్దావిడ ఉన్నారు, చిన్నపిల్ల ఉంది. జీతం ఒక్క నెల ఆలస్యమైతే చాలు, ఫోన్ ఈఎంఐ, అద్దె, మందులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు మళ్లీ అలాంటి మెసేజ్‌నే వెతుక్కుంటారు, ఈసారి వడ్డీ ఎంతని అడిగే ఓపిక కూడా ఉండదు. దాచిన డబ్బు ముట్టుకోకూడదన్న మీ ఆలోచన మంచిదే, కానీ ఆ పక్కనే రెండు అప్పులు పెట్టుకుంటే ఆ ఒక్క నెల డబ్బు వాయిదాలకే కరిగిపోతుంది. మొదటి ఐదు నెలలు మీరు కట్టాల్సినవి మూడు వాయిదాలు, ఫోన్‌ది, టీవీది, లోన్‌ది.

టీవీకి పోయే నెలన్నర జీతాన్ని మీ లెక్కలోనే చూద్దాం. ఖర్చు జీతంలో 80 శాతం కాబట్టి, నెలన్నర జీతం అంటే దాదాపు 1.9 నెలల ఖర్చు. అదే 18 నెలల్లో కొంచెం కొంచెంగా దాస్తే ఇప్పుడున్న ఒక నెలతో కలిపి దగ్గర దగ్గర మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఐదు నెలల తర్వాత ఫోన్ ఈఎంఐ అయిపోగానే ఆ మొత్తం కూడా జీతం పడిన రోజే పొదుపు ఖాతాకి వెళ్లిపోయేలా పెట్టేయండి. ఈఎంఐ కట్టే అలవాటు ఎలాగూ ఉంది, దాన్ని ఆపకండి, కట్టేది మీ ఖాతాకే కట్టండి. మీకు ఆరు నెలల ఖర్చు ఉండాలి. అంతవరకు కొత్త ఈఎంఐ ఏదీ వద్దు, ఫ్రిజ్‌కీ వద్దు, పండగ ఆఫర్‌కీ వద్దు. జీతంలో మిగిలే 20 శాతం ఎక్కడికి పోతోందో రాయలేదు, ఈ నెలంతా రాసుకుని చూడండి. ఆరోగ్య బీమాలో అత్తగారి పేరు ఉందో లేదో కూడా ఈ వారంలోనే చూసుకోండి. మిగతా పెట్టుబడుల గురించి ఇప్పుడు మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు.

మరొకటి. ఆ మెసేజ్‌లో లింక్ నొక్కి యాప్ దించుకోమన్నారని రాశారు. దయచేసి నొక్కకండి. అప్పులిచ్చే యాప్‌లు వినియోగదారుల ఫొటోలు, కాంటాక్టులు చూడకూడదని గూగుల్ తన ప్లే స్టోర్‌లో 2023లో నిబంధన పెట్టింది, అలా తీసుకున్న ఫొటోలతో మనుషుల్ని బెదిరించి వసూలు చేసిన ఘటనలు బయటపడ్డాకే. లింక్ ద్వారా బయటి నుంచి దించుకునే యాప్‌కి ఆ నిబంధన కూడా అడ్డురాదు. మీరు అత్తగారికి చూపించాలనుకుంటున్న పాప ఫొటోలు ఉన్నది ఆ ఫోన్‌లోనే. ఇప్పటికే దించుకుని ఉంటే అప్పు తీసుకోకపోయినా సరే, ముందు సెట్టింగ్స్‌లో దానికిచ్చిన అనుమతులన్నీ తీసేసి, తర్వాత యాప్ తొలగించండి.

పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాక ఫోన్‌లోవి చెరిపేయకండి, రెండు చోట్లా ఉండనివ్వండి. టీవీలో యూఎస్‌బీ పనిచేయకపోతే వెనకవైపు పోర్టుల ఫొటో ఒకటి తీసి పంపండి, ఏది కొనాలో చూసి చెబుతాను. అప్పటిదాకా షాపుకి వెళ్లకండి.