రసాయన సిద్ధాంతం మారినంత మాత్రాన మందులు మానేయవచ్చా?

పలమనేరు నుంచి మీరు రాసిన ప్రశ్న సారాంశం ఇది. మీ తమ్ముడు స్కిజోఫ్రేనియాకు ఓలాంజపిన్, మీ అమ్మగారు డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నారు. మెదడులో రసాయనాల అసమతుల్యం అనేదే అబద్ధమని 2022లో తేలిపోయిందని ఎవరో చెప్పగా విని, మీ నాన్నగారు ఇద్దరి మాత్రలూ ఆపించాలని పట్టుబడుతున్నారు. దయచేసి ఆ కారణంతో ఆపవద్దు. నేను డాక్టరును కాను. తిరుపతిలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించాను. మా అన్నయ్యకు స్కిజోఫ్రేనియా, మా మేనమామ కూతురికి బైపోలార్ రుగ్మత ఉన్నాయి. వాళ్ల మందుల చీటీలు చేతపట్టుకుని తిరుగుతూ చూసినదీ, ఆ మందుల పేర్ల వెంట వెళ్లి చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా 2022 నాటి సంగతి. ఆ ఏడాది జూలైలో బ్రిటన్ మానసిక వైద్యురాలు జోవానా మాంక్రీఫ్, ఆమె సహచరులు ప్రచురించిన సమీక్ష చెప్పింది ఒక్కటే: డిప్రెషన్‌కు మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం తగ్గిపోవడమే కారణమనడానికి నిలకడైన ఆధారాలు లేవని. అందులో స్కిజోఫ్రేనియా ప్రస్తావన లేదు కనుక మీ తమ్ముడి మందుకు దానితో సంబంధం లేదు. మీ అమ్మగారి మందు పనిచేస్తుందా లేదా అన్నదాన్ని కూడా ఆ సమీక్ష పరీక్షించలేదు. దాన్ని పరీక్షించిన పని వేరే ఉంది. 2018లో ఆండ్రియా చిప్రియాని బృందం 21 డిప్రెషన్ మందుల మీద జరిగిన 522 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఆ 21 మందులూ పెద్దవాళ్లలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేసినట్లు తేలింది, అయితే ఆ మెరుగు సగటున ఓ మోస్తరుదే. పైగా ఈ సిద్ధాంతంలో ఏదో లోపం ఉందన్న అనుమానం పరిశోధకులకు కొత్తది కాదు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే నాడీకణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది, కానీ మనసు కుదుటపడటానికి వారాలు పడుతుంది. లోటు పూడ్చడమే వైద్యమైతే ఇంత ఆలస్యం ఎందుకన్నది దశాబ్దాలుగా వాళ్లు వేసుకుంటున్న ప్రశ్నే. 'రసాయనం తక్కువైంది' అన్నది ఓపీ బయట జనం బారులు తీరి ఉండగా రోగికి రెండు నిమిషాల్లో ధైర్యం చెప్పడానికి డాక్టర్లు వాడిన మాట. ఆ మాట చెడ్డదని నేను అనను, జబ్బును గాలి సోకడంగానో చేతబడిగానో చూసే ఇళ్లలో అది మేలే చేసింది. కాకపోతే దాన్నే మొత్తం శాస్త్రమని అనుకోకూడదు.

మీ నాన్నగారికి వివరించవలసిన అసలు విషయం ఏమిటంటే, ఈ రంగంలో మందు ముందు దొరికింది, అది ఎలా పనిచేస్తుందన్న వివరణ ఏళ్ల తర్వాత వచ్చింది. క్లోర్‌ప్రోమజిన్‌ను 1950 చివర్లో ఫ్రాన్స్‌లోని రోన్-పూలాంక్ కంపెనీ తయారుచేసింది. అలర్జీ మందుల కుటుంబానికి చెందిన ఆ పదార్థాన్ని శస్త్రచికిత్స రోగులకు ఇచ్చిన అన్రీ లబొరీ, వాళ్లు స్పృహలో ఉంటూనే వింతగా నెమ్మదించడం గమనించాడు. 1952లో పారిస్‌లోని సేంట్-ఆన్ ఆసుపత్రిలో జాన్ దెలే, పియేర్ దెనికేర్ దాన్ని మతి చలించినవారికి ఇచ్చి ఫలితం చూశారు. డిప్రెషన్ మందుల కథ కూడా ఇలాంటిదే. ఇప్రోనియజిడ్ క్షయకు ఇచ్చిన మందు, ఇమిప్రమిన్‌ను మొదట స్కిజోఫ్రేనియాకు ప్రయత్నించారు. ఇవి పనిచేస్తున్నాయని తెలిసిన రోజున స్కిజోఫ్రేనియాను డోపమైన్ అనే మరో సందేశ రసాయనంతో ముడిపెట్టే సిద్ధాంతమూ లేదు, సెరటోనిన్ సిద్ధాంతమూ లేదు. కాబట్టి తర్వాత అల్లిన వివరణలో ఒక ముడి వీడితే మందు ఫలితం రద్దయిపోదు.

ఆ వివరణ పుట్టడంలో మన దేశపు మొక్కకు పెద్ద పాత్ర ఉంది. ఆయుర్వేదం ఎరిగిన పెద్దలు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు, వాళ్లలో ఎవరైనా మీకు సర్పగంధ పేరు చెప్పే ఉంటారు. ఉన్మాదానికీ రక్తపోటుకూ ఆ వేరు పనికొస్తుందని 1931లోనే సేన్, బోస్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు రాశారు. స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు 1952లో దాని నుంచి రిసెర్పిన్‌ను వేరుచేశారు, 1954లో నేథన్ క్లైన్ న్యూయార్క్ రాష్ట్రంలో దాన్ని స్కిజోఫ్రేనియాకు వాడాడు. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసెర్పిన్ ఇస్తే అవి కదలిక లేకుండా పడిపోయాయి, ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. ఎల్-డోపా శరీరంలో డోపమైన్‌గా మారుతుంది. డోపమైన్ మెదడులో స్వయంగా సందేశాలు మోసే పదార్థమని, అది తగ్గితే కదలికలు స్తంభిస్తాయని అలా బయటపడింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత చెప్పాను కదా అని ఆ వేరు తెచ్చి మీ తమ్ముడికి ఇవ్వకండి. రక్తపోటు పడిపోవడం, దిగులు కమ్ముకోవడం వంటి సమస్యల వల్లనే వైద్యులు దాన్ని పక్కన పెట్టారు.

ఆ కుందేళ్ల ప్రయోగం గురించి చదివిన రోజు మా ఇంట్లో జరిగినది నాకు అర్థమైంది. అన్నయ్యకు మొదట హాలోపెరిడాల్ ఇచ్చారు. చెవుల్లో ఎవరో తిడుతున్నట్లు వినిపించడం తగ్గింది, రాత్రిళ్లు నిద్రపోయాడు. కానీ నడిచేటప్పుడు చేతులు ఊగడం మానేశాయి, ముఖంలో కదలిక పోయింది, నోటి నుంచి చొంగ కారేది. చూడటానికి వచ్చిన బంధువులందరూ జబ్బు ముదిరిందన్నారు. నిజానికి అది జబ్బు కాదు, డోపమైన్ సందేశాన్ని అందుకునే నాడీకణాల మీది గ్రాహకాలకు మందు అవసరానికి మించి అడ్డుపడటం. డాక్టరు మోతాదు తగ్గించి, ట్రైహెక్సీఫెనిడిల్ చేర్చారు, బిగువు సడలింది. ఈ మందులు డీ2 అనే డోపమైన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ మోతాదు సరిపోతుందని 1970లలో ఫిలిప్ సీమన్, సోలమన్ స్నైడర్ వేర్వేరుగా చూపారు. తర్వాత మెదడును బయటి నుంచే చిత్రించే పెట్ స్కాన్ పరిశోధనలు ఆ గ్రాహకాల్లో సుమారు 65 శాతం మూసుకుంటే గుణం కనిపిస్తుందని, సుమారు 80 శాతం దాటితే బిగువు, వణుకు మొదలవుతాయని కొలిచి చెప్పాయి. నడుమ ఉన్నది సన్నని సందు. ఎక్కువ మోతాదు ఇస్తే ఎక్కువ నయమవుతుందన్న మన నమ్మకం ఇక్కడ చెల్లదు.

డోపమైన్‌తోనే కథ ముగిసి ఉంటే బాగుండేది. రెండు మందులు మార్చినా అన్నయ్యకు ఆ మాటలు వినిపించడం పూర్తిగా పోలేదు, చివరికి క్లోజపిన్ మొదలుపెట్టారు. ఈ మందు డీ2 గ్రాహకాన్ని చాలా మందుల కంటే తక్కువగానే పట్టుకుంటుంది, అయినా ఇతర మందులకు లొంగని జబ్బులో దీన్ని మించినది ఇప్పటికీ లేదు. 1988లో జాన్ కేన్ బృందం అలాంటి 268 మందిని తీసుకుని చూస్తే, క్లోజపిన్‌తో 30 శాతం మంది, క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతం మంది మెరుగుపడ్డారు. దీని ప్రమాదం వేరే చోట ఉంది. కొద్దిమందిలో తెల్ల రక్తకణాలు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతాయి, 1975లో ఫిన్లాండ్‌లో ఆ కారణంగా మరణాలు సంభవించాయి. అందుకే మొదట వారం వారం, ఆ తర్వాత నెలనెలా రక్తం పరీక్షిస్తారు. ల్యాబ్‌లో మా పక్కన కూర్చున్నవాళ్లు 'మీవాడి డోపమైన్ ఎంత వచ్చింది' అని అడిగేవారు. మెదడులోని డోపమైన్‌ను గానీ సెరటోనిన్‌ను గానీ చూసి ఈ జబ్బులను నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ లేదు. ఎవరైనా ఉందని చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. మీ తమ్ముడికి చేయించవలసినవి చక్కెర, కొవ్వు పరీక్షలు, బరువు, నడుము కొలత, ఎందుకంటే ఓలాంజపిన్ ఆకలిని పెంచి మధుమేహానికి దారి తీయగలదు.

మానసిక వైద్యంలో రక్తంలో మందు స్థాయిని తప్పనిసరిగా కొలవవలసిన ముఖ్యమైన మందు లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దాన్ని ఉన్మాదానికి వాడాడు, అది లోపల సరిగ్గా ఏం చేస్తుందన్న దాని మీద పరిశోధకులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా బైపోలార్ రోగుల్లో ఉద్రేకం, కుంగుబాటు తిరగబెట్టకుండా కాపాడటంలోనూ, ఆత్మహత్యలను తగ్గించడంలోనూ దానికున్న పేరు బలమైన ఆధారాల మీద నిలిచినది. మా మేనమామ కూతురు ఆ మందు మీదే ఉద్యోగం చేసుకుంటూ పిల్లలను పెంచింది. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంటే సాధారణంగా క్షేమం, 1.5 దాటితే విషమయ్యే అవకాశం ఎక్కువ. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియంను కూడా పట్టి ఉంచుకుంటాయి, దాని స్థాయి పైకి పోతుంది. మన తిరుపతి ఎండలకు ఇది చదువుకుని వదిలేసే సంగతి కాదు. ఆమె ఒక వేసవిలో అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాలని మొక్కుకున్నప్పుడు, డాక్టరు ముందు స్థాయి చూసి, తెల్లవారుజామునే బయలుదేరమని, ఉపవాసం వద్దని, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండమని, కాళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్ లాంటివి మింగవద్దని చెప్పి పంపారు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట తడబడటం, అడుగు తూలడం కనిపిస్తే లిథియం వాడేవారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొత్త దారులు కూడా తెరుచుకుంటున్నాయి. గ్లుటమేట్ అనే మరో సందేశ రసాయనం మీద పనిచేసే కెటమిన్ కొందరిలో దిగులును గంటల్లోనే తగ్గిస్తుందని తేలాక, దాని రూపమైన ఎస్‌కెటమిన్‌కు 2019లో అమెరికాలో అనుమతి దొరికింది. 2024 సెప్టెంబరులో అక్కడే స్కిజోఫ్రేనియాకు జనోమెలిన్, ట్రోస్పియం జంట మందును అనుమతించారు. ఇందులో జనోమెలిన్ డోపమైన్ గ్రాహకాన్ని అడ్డుకోదు, ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో సందేశ రసాయనాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. దాని వల్ల కడుపులో కలిగే ఇబ్బందిని, మెదడులోకి అంతగా వెళ్లని ట్రోస్పియం కొంతవరకు ఆపుతుంది. మీ నాన్నగారు విన్న 'సిద్ధాంతం మారింది' అన్న వార్తకు నిజమైన అర్థం ఇలాంటి పనిలో ఉందని నా నమ్మకం.

ఇక ఆపడం గురించి. 2012లో స్టెఫాన్ లాయిఖ్ట్ బృందం 65 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, మందు కొనసాగించిన స్కిజోఫ్రేనియా రోగుల్లో ఏడాదిలోపు 27 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 64 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. రెండో గుంపులో కూడా మూడో వంతుకు పైగా బాగానే ఉన్నారు కదా అని మీ నాన్నగారు అనవచ్చు, అది న్యాయమైన మాటే. ఎవరు ఏ గుంపులో పడతారో ముందుగా చెప్పగల పరీక్ష లేకపోవడమే చిక్కు. తగ్గించాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ, నిద్ర చెడటం, అనుమానాలు మొదలవడం వంటి తొలి గుర్తులను ఇంట్లో ఒకరు రాసి పెట్టుకోవాలి. ఎస్సిటాలోప్రామ్‌ను కూడా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్లు ఉండటం వంటివి రావచ్చు, వాటిని చూసి జబ్బే తిరగబెట్టిందని భయపడేవారు ఉన్నారు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నాన్నగారిని కూడా తప్పక తీసుకెళ్లండి. మాత్రల అట్టలు చేతిలో పెట్టుకుని, మోతాదు తగ్గించే వీలుందా, చక్కెర పరీక్ష ఎప్పుడు చేయించాలి, అమ్మగారికి ఇంకెంత కాలం అవసరం అని ఆయన చేతే అడిగించండి. అంతలోపు ఏదైనా అత్యవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.